మరపు ధ్రువపత్రం

మూడో నెల పదకొండో తేదీ ఉదయం షికెంగ్ గ్రామానికి తీరని నష్టం జరిగింది. పురాతన తేయాకు పరిరక్షణ సంఘం మినిట్స్ పుస్తకంలో దాన్ని ఇలా నమోదు చేశారు: "తేయాకు సెగ పెట్టే చియు మూషెంగ్ గారి పాత జాడీ ఎక్కడుందో తెలిసిన ఏకైక వ్యక్తిని ఈ రోజు గ్రామం కోల్పోయింది." ఆ వ్యక్తి పేరు బీహ్వా అనీ, వయసు అరవైరెండు అనీ, నలభై ఏళ్లుగా మూషెంగ్‌కు భార్య అనీ అదే పేజీలో కింద చిన్న అక్షరాలతో రాశారు. సంఘం వారు ఏ వివరాన్నీ వదిలిపెట్టరు.

ఆ జాడీ సంగతి ఊరందరికీ తెలుసు. పెళ్లైన రెండో ఏడు శీతాకాలంలో మూషెంగ్ తన పేరు మీద మొదటిసారి పోటీకి తేయాకు పంపాలనుకున్నాడు. బొగ్గుల గుంట మీద వెదురుబుట్ట పెట్టి గంటకోసారి ఆకు తిరగెయ్యాలి. ఆ మధ్యాహ్నం అతను తిరగెయ్యలేదు. ఎందుకు తిరగెయ్యలేదన్నది భార్యాభర్తలిద్దరికే తెలుసు. బీహ్వా చెల్లెలు బీజూకు కూడా తెలుసు గాని, తన టిఫిను కొట్టు దగ్గర కనీసం నలుగురుంటే తప్ప ఆమె ఆ మాట ఎత్తదు. మొత్తానికి ఆకు మాడింది. పోటీలో న్యాయనిర్ణేతలు మొదటి గుక్కకే ఉమ్మేశారు. మూషెంగ్ ఆ ఆకంతా వాగులో పారబోస్తానన్నాడు. బీహ్వా పొయ్యనివ్వలేదు. జాడీలోకెత్తి, మూతికి మైనం పట్టించి, ఎక్కడో దాచేసింది.

"పళ్లూడిపోయాక ఇద్దరం తాగి నవ్వుకుందాం" అంది.

ఎక్కడ దాచావని అతను అడిగినప్పుడల్లా అతని నోట్లోకి తొంగి చూసి, "ఇంకా ఉన్నాయిగా" అనేది. ఆమె పోయేనాటికి మూషెంగ్ నోట్లో ఇరవైమూడు పళ్లున్నాయి.

మాడిన ఆకుకు ఇంత గౌరవం ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. పూర్వం షికెంగ్‌లో పాత తేయాకు అంటే అమ్ముడుపోని తేయాకు. ఆడవాళ్లు దాన్ని జాడీల్లో పోసి మంచం కిందికో అటక మీదికో తోసేసేవారు. ఎవరికైనా కడుపునొప్పి వస్తే ఉప్పులో ఊరిన చిన్న నారింజ ఒకటి వేసి కాచి తాగించేవారు. నొప్పి తగ్గాక జాడీని మళ్లీ మరిచిపోయేవారు. పదిహేనేళ్ల కిందట తైపే నుంచి కారులో వచ్చిన ఒక పెద్దమనిషికి ఈ ఊళ్లో కడుపునొప్పి వచ్చింది. ఆయన ఒక కప్పు తాగి, కళ్లు మూసుకుని, కడుపు సంగతి వదిలేసి జాడీ ధర అడిగాడు. ఆ రోజు నుంచి షికెంగ్‌లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ఆస్పత్రికే పోతున్నారు. పాత తేయాకును ముట్టుకునేంత అనాగరికులు ఊళ్లో మిగల్లేదు.

తరవాత రుచి నిపుణులు వచ్చారు. వారు పరిశోధించి ఒక సత్యం కనిపెట్టారు. గుర్తుపెట్టుకున్న టీని జనం మధ్యమధ్య విప్పి వాసన చూస్తారు, గాలి తగులుతుంది, తేమ చేరుతుంది. బొత్తిగా మరిచిపోయిన టీ మాత్రమే నిజంగా పండుతుంది. కాబట్టి మరపు ఎంత గాఢమైతే టీ అంత గొప్పది. అప్పుడే పురాతన తేయాకు పరిరక్షణ సంఘం వెలిసింది. ఒక జాడీని కనీసం ఇరవై ఏళ్లపాటు ఎవరూ తలచుకోలేదని విచారించి, నిర్ధారించి, ఎర్ర ముద్ర వేసి మరపు ధ్రువపత్రం ఇవ్వడం సంఘం బాధ్యత. ధ్రువపత్రం లేని పాత తేయాకు ఒట్టి పాత తేయాకు.

సంఘం అంతటితో ఆగలేదు. రాబోయే తరాల కోసం ప్రతి శనివారం బడి హాల్లో మరపు శిక్షణ తరగతులు ప్రారంభించింది. కొత్త తేయాకును ఇంట్లో ఒకచోట పెట్టి, దాన్ని గురించి ఎంతమాత్రం ఆలోచించకుండా ఉండటం ఎలాగో అక్కడ నేర్పుతారు. వారం వారం తప్పకుండా హాజరైనవారికి మార్కులు తగ్గించారు. తరగతి ఉందన్న సంగతే గుర్తులేనివారిని ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులుగా ప్రకటించారు. ఒక రైతు తన జాడీని ఎంత శ్రద్ధగా మరిచిపోయాడంటే, జాడీతో సహా ఇల్లు అమ్మేశాడు. ఆయనకు వెండి కప్పు బహూకరించారు. తొంభైయొక్క ఏళ్ల ముసలమ్మ ఒకామెకు కన్నకొడుకుల ముఖాలు గుర్తులేవు. ఆమెను సంఘానికి గౌరవ సలహాదారుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆరేళ్లుగా ఆ గడప తొక్కని కొడుకులు ముగ్గురూ తలా రెండు జాడీలు మోసుకొచ్చి, "అమ్మా, ఇవి నీ చేత్తో ఎక్కడన్నా పెట్టవే" అని బతిమాలారు. తల్లి మీద అంత ప్రేమ ఈ మధ్యకాలంలో ఎవరూ చూడలేదు.

అటువంటి ఊళ్లో బీహ్వా పోయింది.

పరామర్శకు సంఘ సభ్యులు అందరికన్నా ముందు వచ్చారు. ఫోటో ముందు అగరొత్తులు గుచ్చి మూడుసార్లు వంగి దణ్ణం పెట్టారు. తరవాత గోడలు తట్టారు. కొందరు అటక వంక చూస్తూ కన్నీరు పెట్టుకున్నారు. అధ్యక్షుడు లియావ్ చెంగ్‌డా మాత్రం నిలబడి ఉండలేనంత దుఃఖంలో మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడి, మంచం కింద టార్చిలైటు వేశాడు.

బీజూ చూసింది. ముల్లంగి అట్లు పోసీ పోసీ గట్టిపడిన చేతులు నడుం మీద పెట్టుకుంది.

"ఏవయ్యా లియావ్, మా అక్క మంచం కింద లేదు. ఆ శవపెట్టెలో ఉంది. దణ్ణం అటు పెట్టు."

"దుఃఖంలో ఉన్నావు బీజూ, అందుకే ఏమీ అనను" అన్నాడు లియావ్ లేస్తూ. "నేల చెమ్మగా ఉందేమోనని చూశానంతే. మూషెంగ్ అన్న ఒంటరిగా పడుకునే చోటు కదా."

"నీ శ్రద్ధ చూస్తే మా బావ పక్కన నువ్వే పడుకునేట్టున్నావు."

మూషెంగ్ ఆ వారమంతా ఎవరు ఏ కాగితం ముందు పెడితే దాని మీద పేరు రాశాడు. ఆస్పత్రివాళ్లు పెట్టారు, పూలవాళ్లు పెట్టారు. లియావ్ పెట్టిన కాగితాన్ని పరామర్శకు వచ్చినవారి పట్టిక అనుకున్నాడు. అందులో ఏముందో తరవాత తెలిసింది: "మా ఇంట ఎక్కడ ఏ పాత జాడీ దొరికినను అది గ్రామ వారసత్వ సంపదగా భావించి సంఘం అధీనంలో ఉంచుటకు సమ్మతించుచున్నాను."

నలభైతొమ్మిదో రోజు కర్మ అయ్యాక మూషెంగ్ పనిలో పడ్డాడు. వసంతకాలపు ఆకు ఎక్కువ వచ్చింది. సెగకొట్టంలో నాలుగు గుంటలున్నా అతను వాడేది మూడే. నాలుగోది పగిలిందని పెళ్లైన కొత్తలోనే బీహ్వా చెప్పింది. ఆ ఊరి మాటలో నాలుగు చావులా వినబడుతుంది గనక అతను మారుమాట అడగలేదు. ముప్ఫైఎనిమిదేళ్లు దాని పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు బాగుచేద్దామని మూత తీసి, బూడిదా ఊకా ఎత్తిపోస్తుంటే గుంటలో ఒక్క పగులు కూడా కనబడలేదు. జాడీ కనబడింది. మైనం మీద అతికించిన కాగితం మీద బీహ్వా చేతిరాత ఉంది. "మాడింది. మూషెంగ్ చూడకూడదు."

అతను చాలాసేపు పీట మీద కూర్చున్నాడు. తరవాత వెళ్లి బీజూకు మాత్రమే చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. బీజూ తన టిఫిను కొట్టులో పధ్నాలుగు మందికి మాత్రమే, అదీ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, చెప్పింది. ఆ మధ్యాహ్నం మేళతాళాలతో సంఘం వచ్చింది. జాడీకి ఎర్రగుడ్డ చుట్టి ఊరేగింపుగా తీసుకుపోయి సంఘం కట్టించిన స్మారక భవనంలో గాజు బీరువాలో పెట్టారు. ఆ గదికి ఏసీ ఉంది. బీహ్వా చివరి నెలల్లో ఉన్న గదికి లేదు.

మూషెంగ్ మర్నాడు భవనానికి వెళ్లాడు. తనకు కావలసినది ఒక్కటే అన్నాడు. సంవత్సరీకం నాడు జాడీ విప్పుతాడు. ఆమె ఫోటో ముందు ఒక కప్పు పెడతాడు, తనొక కప్పు తాగుతాడు. మిగిలినది సంఘం ఏం చేసుకున్నా తనకు అభ్యంతరం లేదు.

"విప్పడమా!" అన్నాడు లియావ్. ఆ మాట అతని నోటి నుంచి వినగానే గదిలో ఉన్న ఇద్దరు సభ్యులు తల దించుకున్నారు. "మూషెంగ్ అన్నా, కాస్త నెమ్మది మీద ఆలోచించండి. టీ తాగడానికి కాదు. తాగేది అంగట్లో బోలెడు దొరుకుతుంది. ఇది మన పూర్వుల మరపు. మన సంస్కృతి. ముప్ఫైఎనిమిదేళ్లు ఈ ఊరు ఊరంతా చెమటోడ్చి దీన్ని పట్టించుకోకుండా ఉంది. ఆ త్యాగాన్ని ఒక్క కప్పులో పోసుకుని తాగేస్తారా?"

"మా ఆవిడ తాగుదామంది."

"ఆవిడ అంత ఉదాత్తురాలు. అందుకే దాచింది. దాచినవాళ్లెవరూ తాగరు."

వచ్చే ఏడాది వేసవిలో జాతీయ ప్రదర్శన ఉంది. పక్కలోయ వాళ్ల దగ్గర ముప్ఫైయొక్క ఏళ్ల జాడీ ఒకటి ఉందని వినికిడి. షికెంగ్ పరువు ఈ జాడీ మీద ఆధారపడి ఉంది. ప్రదర్శనకు వెళ్లాలంటే ధ్రువపత్రం కావాలి. ధ్రువపత్రం కావాలంటే దరఖాస్తులో పది గడులు పూర్తి కావాలి. తొమ్మిదింటిని సంఘమే పూర్తిచేసింది. ఏడో గడి మాత్రం యజమాని స్వహస్తాలతో నింపాలి. "ఈ టీని మీరు చివరిసారి ఎప్పుడు తలచుకున్నారు?" ఇరవై ఏళ్లకు ముందున్న ఏ తేదీ అయినా ఫరవాలేదు.

మూషెంగ్ ఆ గడి నింపలేదు. అతను మొండివాడేం కాదు. రాయడానికి తేదీ దొరకలేదు.

అప్పటి నుంచి ఊరంతా అతన్ని ఓదార్చడం మొదలుపెట్టింది. అంతవరకు, "ఎన్నాళ్లని తలుచుకుంటావు, మరిచిపోవాలి" అని అతని మంచి కోసం చెప్పినవాళ్లు ఇప్పుడు అదే మాట ఊరి మంచి కోసం చెప్పారు. ఆకు తెచ్చేవాడు ఆకు తూస్తూ చెప్పాడు. మంగలి గడ్డం గీస్తూ చెప్పాడు, కత్తి గొంతు మీద ఉండగా. మరపు తరగతుల్లో అతనికి రుసుము లేకుండా ముందు వరసలో కుర్చీ కేటాయించారు. వెండి కప్పు గ్రహీత స్వయంగా ఇంటికి వచ్చి తన అనుభవం పంచుకుందామనుకున్నాడు గాని, ఎందుకు వచ్చాడో గుమ్మం దగ్గర మరిచిపోయి తిరిగి వెళ్లాడు. ఆ నిష్ఠకు చూసినవారు ముగ్ధులయ్యారు.

తైపే నుంచి ఫాన్ అనే సుప్రసిద్ధ రుచి నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన టీని తాగకుండానే రుచి చెప్పగల స్థాయికి ఎదిగినవాడు. గాజు బీరువా తలుపు తెరిపించి, జాడీ మైనానికి ముక్కు ఆనించి, రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టాడు.

"మొదట తడిసిన దేవదారు చెక్క" అన్నాడు. గుమస్తా గువో రాసుకున్నాడు. "తరవాత ఎవరూ రాని గ్రంథాలయం. చిట్టచివర, మరీ నెమ్మదిగా, వాన పడబోయే ముందు అత్తవారిల్లు."

"మాడు వాసన రాలేదాండీ?" అని అడిగాడు మూషెంగ్.

ఫాన్ అతని వైపు జాలిగా చూశాడు. "మాడి ఉండవచ్చు. ముప్ఫైఎనిమిదేళ్లయింది కదా పెద్దాయనా. కాలం దేన్నైనా మెత్తబరుస్తుంది. చేదు తీపవుతుంది. మంట వెచ్చదనం అవుతుంది. పాత తేయాకు సిద్ధాంతమంతా ఇదే."

సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ వాక్యాన్ని భవనం గుమ్మం మీద చెక్కించాలని అక్కడికక్కడే తీర్మానించారు.

ఇంకా గడి నిండకపోవడంతో లియావ్‌కు ఒక చట్టపరమైన మార్గం తోచింది. జాడీ దాచినది బీహ్వా. కాబట్టి ఆమె కూడా యజమానే. భర్త మరిచిపోవడానికి ఆమె సమ్మతిస్తే, అతని మరపును సంఘమే నమోదు చేసుకోవచ్చు. పోయినవాళ్లను ఏమన్నా అడగాలంటే షికెంగ్‌లో ఉన్న పద్ధతి ఒకటే. నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలు నేల మీద వెయ్యాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరే అన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వినట్టు.

సంవత్సరీకానికి పదిహేను రోజుల ముందు ఒక ఆదివారం ఉదయం సభ్యులందరూ మూషెంగ్ ఇంటికి వచ్చి ఫోటో ముందు నిలబడ్డారు. లియావ్ గొంతు సవరించుకుని, సంఘం వయసు, లక్ష్యాలు, సాధించిన విజయాలు బీహ్వాకు వివరించాడు. పక్కలోయవాళ్ల కుట్ర గురించి కూడా చెప్పాడు. తరవాత, "గ్రామ శ్రేయస్సు దృష్ట్యా తమ భర్తగారు తమరిని, అనగా తమ జాడీని, మరిచిపోవుటకు దయచేసి అనుమతించవలసింది" అని చెక్కలు వేశాడు.

రెండూ వెల్లకిలా పడ్డాయి.

"నవ్వింది" అంది బీజూ.

మళ్లీ వేశాడు. మళ్లీ నవ్వింది. నేల వాలుగా ఉందేమోనని చాప పరిచి వేశాడు. చెక్కలు మార్చి గుడి నుంచి వేరేవి తెప్పించి వేశాడు. తను కాకుండా కోశాధికారి చేత వేయించాడు. తొమ్మిదిసార్లూ రెండు చెక్కలూ కడుపు పైకి పెట్టి పడుకున్నాయి.

"మా అక్కకి చిన్నప్పటినుంచీ అంతేనయ్యా" అంది బీజూ, ఒక ముల్లంగి అట్టు ముక్క నోట్లో వేసుకుంటూ. "నీలాంటోళ్లు ఉపన్యాసం మొదలెడితే ఆపుకోలేదు. మా పెళ్లిళ్లప్పుడూ ఇంతే, పురోహితుడు పారిపోయాడు."

మూషెంగ్ చెక్కల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె నవ్వు ఎలా ఉండేదో అతనికి తెలుసు. పైపళ్ల మధ్య సందు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకునేది.

తొమ్మిది నవ్వులను సంఘం నిశితంగా పరిశీలించింది. కాదనలేదు గనక అవునన్నట్టేనని కోశాధికారి వాదించాడు. నవ్వు అనేది హర్షామోదం కిందికి వస్తుందని లియావ్ తేల్చాడు. తీర్మానం రాసుకుని, యజమాని ఏడో గడిలో ఒక తేదీ పడేస్తే చాలునని, మర్నాడు ఆఫీసుకు రమ్మని మూషెంగ్‌కు చెప్పి వెళ్లారు.

మూషెంగ్ మర్నాడు ఆఫీసుకు వెళ్లాడు. కళ్లజోడు తుడుచుకుని దరఖాస్తు మొత్తం చదివాడు. అడుగున చిన్న అక్షరాలతో, "స్థలం చాలనిచో అదనపు కాగితాలు జతపరచవచ్చును" అని ఉంది. గువోను కాగితాలు అడిగాడు. గువో నియమాలు తెలిసిన మనిషి. ఇచ్చాడు. మూషెంగ్ రాయడం మొదలుపెట్టాడు.

"ఈ రోజు ఉదయం, సోయాపాలు పొంగినప్పుడు. నిన్న, చెక్కలు పడినప్పుడు, తొమ్మిదిసార్లు. మొన్న వాన మొదలైనప్పుడు. కిటికీలు నేను మూశాను. ఆమె అయితే ముందే మూసేది. అటుమొన్న మధ్యాహ్నం, కారణం లేదు. అంతకు ముందురోజు, ఎడమ చెప్పులో రాయి పడినప్పుడు."

సాయంత్రం దాకా రాశాడు. మర్నాడు కూడా వచ్చాడు. నాలుగో రోజుకు కాగితాల దొంతర టీ పెట్టెంత ఎత్తయింది. గువో పై కాగితం తీసి చదివి, ఇబ్బందిగా కదిలాడు.

"అన్నా, అడిగింది టీని ఎప్పుడు తలచుకున్నారని కదా. ఇందులో టీ ఎక్కడుంది?"

"అదే రాస్తున్నానయ్యా" అన్నాడు మూషెంగ్. "ఇంకా పోయినేడాది ఆకురాలే కాలం దాకానే వచ్చాను. ఇంకో రెండు దస్తాలుంటే ఇస్తావా?"

గువో ఇంకో రెండు దస్తాలిచ్చాడు. అతని భార్య బతికే ఉంది. ఆ రోజు ఎందుకో ఇంటికి త్వరగా వెళ్లాడు.

అత్యవసర సమావేశం జరిగింది. నిబంధనావళి పధ్నాలుగో సూత్రం ప్రకారం మూడుసార్లకు మించి తలచుకున్న టీ శాశ్వతంగా అనర్హం. ఇక్కడ లెక్క ఆరువందలు దాటింది, అదీ ఒక్క ఏడాదికి. ఇంత దారుణంగా పాడైపోయిన జాడీ సంఘం చరిత్రలో లేదని లియావ్ బాధపడ్డాడు. అటువంటిదాన్ని ఏసీ గదిలో ఉంచితే పక్కనున్న జాడీలకు కూడా సోకుతుందని ఫాన్ గారు టెలిఫోనులో హెచ్చరించారు. మూడో నెల పదో తేదీన జాడీని స్కూటరు మీద, కూరగాయల ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూషెంగ్ ఇంటికి తిప్పి పంపారు. మేళం రాలేదు. ఎర్రగుడ్డ సంఘం ఆస్తి.

పదకొండో తేదీ ఉదయం మూషెంగ్ ఫోటో ముందు దీపం వెలిగించాడు. నీళ్లు మరిగించాడు. చిన్న కత్తితో మైనం తీసి, కాగితం చిరగకుండా ఊడదీసి పక్కన పెట్టుకున్నాడు. బీజూ కొట్టు మూసేసి వచ్చింది. అదే సమయానికి, ఏ సంబంధమూ లేకుండా, నివాళులర్పించడానికి లియావ్, తైపే నుంచి ఫాన్ కూడా వచ్చారు. అనర్హమైన టీ అయినా, ఒకసారి పరిశోధన కోసం.

మూషెంగ్ ఐదు కప్పులు పోశాడు. మొదటిది ఫోటో ముందు పెట్టాడు.

ఫాన్ ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "ఎంత మెత్తబడింది!" అన్నాడు. "మంట ఆనవాలు కూడా లేదు." లియావ్ తాగి, కన్నీళ్లు పెట్టుకుని, "తేనె" అన్నాడు. అతనికి ఆ కన్నీళ్లు గొంతులో మంట వల్ల వచ్చాయని అక్కడ ఎవరూ అనలేదు.

బీజూ తాగింది. "ఛీ, బావా! ఇది టీయా, పెనం అడుగు మసా? మా అక్క నీ మీద కోపంతోనే దాచింది దీన్ని!"

మూషెంగ్ తాగాడు. నాలుక మీద ముందు బొగ్గు, వెనక చేదు. ముప్ఫైఎనిమిదేళ్ల కిందట న్యాయనిర్ణేతలు ఉమ్మేసిన టీయే అది. అణువంత మెత్తబడలేదు. ఆ మధ్యాహ్నం ఎంత మాడిందో ఇప్పుడూ అంతే మాడి ఉంది. అతను కప్పు ఖాళీ చేసి ఇంకొకటి పోసుకున్నాడు. బీజూ అతని ముఖం చూసి నవ్వబోయి, ఆపుకుని, తనూ కప్పు ముందుకు జరిపింది.

"పొయ్యి, బావా. అదేదో ఇద్దరం చద్దాం."

ఆ నెలాఖరున సంఘం నిబంధనావళిని సవరించింది. మరచిన టీలు ఇప్పుడు ప్రతి లోయలోనూ దొరుకుతున్నాయి. మనిషి రోజూ తలచుకున్న టీ దేశంలో షికెంగ్‌లో తప్ప ఎక్కడా లేదు. దానికి తలపు ధ్రువపత్రం పేరుతో కొత్త శ్రేణి, నీలం ముద్ర ఏర్పరిచారు. మూషెంగ్ రాసిన కాగితాలను నమూనాగా అచ్చువేసి పంచారు. చెప్పులో రాయి, పొంగిన పాలు ఇప్పుడు ఊళ్లో ప్రతి దరఖాస్తులోనూ ఉన్నాయి. శనివారం తరగతులు అదే హాల్లో, అదే అధ్యాపకులతో, తలపు శిక్షణ తరగతులుగా కొనసాగుతున్నాయి. గౌరవ సలహాదారును పదవి నుంచి తొలగించారు. కొడుకులు మళ్లీ రావడం లేదు. మంగలి ఇప్పుడు మూషెంగ్ గడ్డం గీస్తూ, "అన్నా, ఏమైనా సరే, మీరు మరిచిపోవద్దు" అంటున్నాడు. జాతీయ ప్రదర్శనలో పెట్టడానికి మిగిలిన సగం జాడీ ఇమ్మని లియావ్ మూడుసార్లు వచ్చాడు. సగం ఎక్కడా లేదు. బావామరదళ్లు వారం రోజుల్లో తాగేశారు. బీజూకు రెండు రోజులు కడుపులో బాగాలేదు.

భవనం గుమ్మం మీద ఫాన్ గారి వాక్యం మాత్రం మార్చలేదు. కాలం దేన్నైనా మెత్తబరుస్తుంది. బంగారు అక్షరాలు, దూరానికి కూడా కనబడతాయి. చదివినవాళ్లందరూ తలూపుతారు. ఏదో ఒక ఇంటి గుమ్మంలో, చెప్పులు కూడా విప్పకుండా నిలబడి, ఆ మాట మీరూ ఎవరికో చెప్పే ఉంటారు. అందులో తప్పేమీ లేదు. చెప్పేవాళ్లెవరూ తాగి చూసి చెప్పరు.

ఫోటో ముందు పెట్టిన కప్పులో టీ సగానికి ఎండి, పైన పొర కట్టింది. పారబోసి కడగాలి. మూషెంగ్ ఇంకా ఆ పని చెయ్యలేదు.